చేతిలో పని ఉంది, కాగితం లేదు: అనుభవానికి సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఎలా?

"అన్నా, పద్దెనిమిదేళ్ల నుంచి తాపీ పని చేస్తున్నాను, చదువు ఏడో తరగతితో ఆపేశాను, నాకు సర్టిఫికెట్ ఇస్తారా?" వారానికి రెండు మూడుసార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. పని పేరు మాత్రం మారుతుంటుంది. రాజోలు నుంచి అడిగితే కొబ్బరి దింపు, భీమవరం నుంచయితే రొయ్యల చెరువు, నరసాపురం నుంచి లేసు, కడియం నుంచి నర్సరీలో అంట్లు కట్టడం, ఇక సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లంబింగ్ అన్ని ఊళ్ల నుంచీ. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతుంటే ముఖ్యమైనవే దాటిపోతున్నాయి, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. మీకోసం కాకపోతే మీ నాన్నకో, మేనమామకో చదివి వినిపించండి.

జవాబు ముందే చెబుతాను. ఇస్తారు. బడిలో కూర్చోకుండా పనిలోనే నేర్చుకున్న విద్యను పరీక్షించి, పాసైతే ప్రభుత్వ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు, అంటే రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. మళ్లీ నెలల తరబడి క్లాసులు ఉండవు. మీకు వచ్చిన పనినే చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు.

ఇది నాకెందుకింత పట్టింపో కూడా చెప్పాలి. మా చిన్నాన్నకి ఇరవై రెండేళ్ల తాపీ అనుభవం ఉంది. గల్ఫ్ వెళ్లేటప్పుడు ఏజెంటు "మేస్త్రి అని రుజువేది?" అంటే చూపించడానికి ఏమీ లేక హెల్పర్ వీసా మీద వెళ్లాడు. తనకన్నా పని తక్కువ తెలిసినవాడికి మూడేళ్లు ఇటుకలు అందించి వచ్చాడు. ఆ మూడేళ్లు ఎవరు తిరిగిస్తారు? వచ్చాక ఆర్‌పీఎల్ పరీక్షకి తీసుకెళ్తే గోడ దారం పట్టినట్టు లేపాడు గానీ, "మాలు (సిమెంటు, ఇసుక మిశ్రమం) ఏ పాళ్లలో కలుపుతారు?" అని అడిగితే "చూస్తే తెలిసిపోద్దండి" అన్నాడు. అక్కడ మార్కులు పోయాయి. పాసయ్యాడు, కాని ఆ రోజు నుంచి నేను అందరికీ చెప్పేది ఒక్కటే: పని రాక తప్పిపోయేవాళ్లు తక్కువ, చేతికి తెలిసింది నోటికి రాక తప్పిపోయేవాళ్లు ఎక్కువ. కింద ఐదో మెట్టు దగ్గర దీని గురించి వివరంగా రాశాను, మిగతావి గబగబా చదివినా అక్కడ మాత్రం ఆగండి.

ముందు ఇది తేల్చుకోండి: మీకు కావలసింది ఏ కాగితం?

అన్నింటికీ ఒకే కాగితం పనికిరాదు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

కంపెనీలో, పెద్ద కాంట్రాక్టరు దగ్గర, హోటల్లో, ఆక్వా ఫారంలో "ఇతనికి పని వచ్చు" అని చూపించడానికైతే ఆర్‌పీఎల్.

సొంతంగా చేసుకునే చేతివృత్తికి పనిముట్లు, తక్కువ వడ్డీ అప్పు కావాలంటే పీఎం విశ్వకర్మ. ఇది 2023 సెప్టెంబరు 17న మొదలైంది, 18 వృత్తులకే వర్తిస్తుంది. మన గోదావరి డెల్టాకి పనికొచ్చేవి అందులో బాగానే ఉన్నాయి: పడవలు చేసేవాళ్లు, చేపల వలలు అల్లేవాళ్లు, బుట్టలు, చాపలు, చీపుర్లు, కొబ్బరిపీచు అల్లికవాళ్లు, వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు, కంసాలులు, తాపీ మేస్త్రులు, దర్జీలు, క్షురకులు, రజకులు, పూలదండలు కట్టేవాళ్లు. లేసు అల్లిక ఆ జాబితాలో విడిగా లేదు, నరసాపురం వైపు అక్కలు గమనించాలి.

పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ క్లియరెన్స్ ముద్ర అక్కర్లేకుండా ఉండాలన్నా, పదో తరగతి అర్హతగా అడిగే ఉద్యోగానికైనా ఆర్‌పీఎల్ కుదరదు. అక్కడ మామూలుగా పదో తరగతి పాసై ఉండాలి. దానికి ఓపెన్ స్కూల్ ఉంది, చివర్లో రాశాను.

సౌదీ వెళ్లే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల లాంటివాళ్లకి ఆ దేశం తరఫున జరిగే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష వేరే ఉంది. ఇక్కడి సర్టిఫికెట్ ఉంది కదా, అది రాయక్కర్లేదు అనుకోవద్దు.

ఇంకో రెండు కార్డుల గురించి. ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికులకి ఇచ్చేది), భవన నిర్మాణ కార్మికుల కార్డు రెండూ మంచివే, తీసుకోండి. కాని అవి మీరు కార్మికులని చెబుతాయి తప్ప మీకు పని ఎంత వచ్చో చెప్పవు. "నా దగ్గర కార్డుంది కదా" అని చాలామంది ఆర్‌పీఎల్ వదిలేస్తున్నారు. అది వేరు, ఇది వేరు.

కావలసినవి

- ఆధార్, దానికి లింకయిన ఫోన్ నంబరు. ఆ సిమ్ మీ జేబులోనే ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది.
- మీ పేరుమీదున్న బ్యాంకు పాసుబుక్కు.
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు.
- చదువుకున్నంత వరకు కాగితాలు, ఐదో తరగతి టీసీ అయినా సరే. కొన్ని పనులకి కనీస చదువు అడుగుతారు, కొన్నిటికి చదువు తక్కువుంటే అనుభవం ఎక్కువ చూపించమంటారు.
- అనుభవానికి రుజువులు (మూడో మెట్టు).
- వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి.

డబ్బు మాత్రం అక్కర్లేదు. పథకం కింద జరిగే ఆర్‌పీఎల్‌కి అభ్యర్థి ఫీజు కట్టనవసరం లేదు. ఎవరైనా రెండు వేలో మూడు వేలో అడిగితే అక్కడే ఆగి, ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

1. మీ పనికి వాళ్లు పెట్టిన పేరు కనుక్కోండి

మనం తాపీ మేస్త్రి అంటాం, వాళ్ల జాబితాలో అది మేసన్ జనరల్. రాడ్ బెండింగ్ అంటే బార్ బెండర్ అండ్ స్టీల్ ఫిక్సర్. సెంట్రింగ్ అంటే షటరింగ్ కార్పెంటర్. ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టేవాళ్లు సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్. వీటిని జాబ్ రోల్ అంటారు. ప్రతి రోల్‌కీ ఒక లెవెల్ ఉంటుంది, ఇప్పుడు 1 నుంచి 8 దాకా. ఎవరో ఒకరు పక్కనుండి చెబితే చేసేవాళ్లది కింది లెవెల్, సొంతంగా పని చేసుకుపోయేవాళ్లకి మామూలుగా 3, 4.

నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మీ రోల్ పేరు కొడితే, ఆ పనిలో ఏమేం చూస్తారో మొత్తం పత్రం దొరుకుతుంది. ఇంగ్లీషులో ఉంటుంది, ఇంటర్ చదివే పిల్లలెవరైనా కూర్చుని చెప్పగలరు. ఈ ఒక్క పత్రం చదివి వెళ్లినవాళ్లకి, చదవకుండా వెళ్లినవాళ్లకి పరీక్షలో చాలా తేడా కనిపిస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు: పెద్ద పేరు బాగుంటుందని సూపర్‌వైజర్ రోల్ ఎంచుకోవడం. రోజూ మీ చేతులు ఏం చేస్తున్నాయో దాన్నే పెట్టండి. కడియంలో ఒకతను గూటి అంట్లు కట్టడంలో దిట్ట, గంటలో ఎన్ని కట్టేస్తాడో చూస్తే నోరెళ్లబెడతాం. అతణ్ణి ఎవరో పొలం పనుల రోల్‌లో రాయించేశారు. వరి గురించి అడిగారు, తిరిగొచ్చాడు. బ్యాచ్ నిండడం కోసం మిమ్మల్ని వేరే రోల్‌లో సర్దేస్తామంటే ఒప్పుకోవద్దు, మీ పని బ్యాచ్ వచ్చేదాకా ఆగండి.

2. పేర్లు సరిచూసుకోండి

మన ఇంటిపేర్లతో వచ్చే తలనొప్పి ఇంతా అంతా కాదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర. సత్యనారాయణలో ఒక చోట వై, ఒక చోట ఐ. సర్టిఫికెట్ మీద ఆధార్‌లో ఉన్నదే అచ్చవుతుంది. గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్లు ముందే ఆధార్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే నమోదుకి ముందే ఆధార్ సరిచేయించండి. సర్టిఫికెట్ వచ్చాక సరిచేయించాలంటే కాళ్లరిగిపోతాయి.

తాపీ పనివాళ్లకి ఇంకో చిక్కుంది. సిమెంటుతో వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడదు. హాజరు దగ్గర, నమోదు దగ్గర మిషను ఎర్రగా చూపిస్తుంటే టెన్షన్ పడిపోతారు. ముందు రెండు మూడు రోజులు సిమెంటు ముట్టుకోకుండా, రాత్రి పూట చేతులకి కొబ్బరినూనె రాసుకుని, వెళ్లే ముందు సబ్బుతో కడుక్కోండి. పదివేళ్లూ ప్రయత్నించమనండి. అప్పటికీ పడకపోతే ముఖం ద్వారానో, కనుపాప ద్వారానో చేయమని అడగండి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా ఇచ్చినా మంచిదే.

3. అనుభవానికి రుజువులు పోగెయ్యండి

"ఇరవై ఏళ్లు చేశాను" అంటే చాలదు. ఒక నోటుబుక్కు తీసుకుని గుర్తున్నంత వరకు ఇలా రాయండి: ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎవరి ఇల్లు లేదా ఎవరి చెరువు, ఏం పని, ఎన్నాళ్లు. తారీఖు గుర్తు లేకపోతే ఊళ్లో జరిగిన దాన్ని పట్టుకోండి. "కరోనా లాక్‌డౌన్ ముందు ఏడాది, పెద్దమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు" అంటే అది 2019 అని లెక్క వచ్చేస్తుంది. ఒకటి రెండు సాయంత్రాలు ఇంట్లో అందరూ కూర్చుంటే పదేళ్ల పని బయటికొస్తుంది, నేను చాలా ఇళ్లలో చూశాను.

తర్వాత పెద్ద మేస్త్రి దగ్గర, చెరువు యజమాని దగ్గర, నర్సరీ ఓనరు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. ఇంత ఉంటే చాలు:

"ఫలానా ఊరికి చెందిన ఫలానా వ్యక్తి, తండ్రి పేరు ఫలానా, నా దగ్గర 2016 జూన్ నుంచి 2023 డిసెంబరు వరకు తాపీ మేస్త్రిగా పని చేశారు. ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్ ఎవరి సాయం లేకుండా చేయగలరు." కింద సంతకం, ఊరు, ఫోన్ నంబరు, తేదీ.

ఎక్కువ సంవత్సరాలు రాయించుకోవాలనే ఆశ వద్దు. ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే ఆయన అదే మాట చెప్పగలగాలి. యజమాని ఇవ్వనంటే, లేదా ఇప్పుడు లేకపోతే, పంచాయతీలో సర్పంచి గారి దగ్గర తీసుకోండి. ఇంట్లో ఉండి లేసు అల్లే అక్కలకి యజమాని అంటూ ఎవరూ ఉండరు, నూలు ఇచ్చి పని పట్టుకెళ్లే ఏజెంటు లెక్క పుస్తకం ఉంటుంది కదా, ఆ పేజీలకి ఫొటో తీసుకోండి. అంతకన్నా గట్టి రుజువు ఉండదు.

ఫొటోల విషయానికొస్తే, పూర్తయిన ఇంటి ముందు నిలబడి దిగినవి పెద్దగా పనికిరావు. పని చేస్తూ చేతులు, పనిముట్లు కనిపించేలా తీయించుకోండి. ఒకే పనిని మొదట్లో, మధ్యలో, అయిపోయాక తీస్తే ఇంకా మంచిది.

4. నమోదు, క్యాంపు

స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే యాప్ ఉంది, వెబ్‌సైటూ ఉంది. ఆధార్, ఫోన్ ఓటీపీతో ఖాతా తెరవండి. ఖాతా తెరిచినంత మాత్రాన పరీక్ష రాదు, అది మొదటి అడుగు మాత్రమే. ఆర్‌పీఎల్ బ్యాచ్‌ల వారీగా జరుగుతుంది, మీ పనికి మీ దగ్గరలో బ్యాచ్ పెట్టేవాళ్లుండాలి. దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి, జిల్లాలో ఏపీఎస్‌ఎస్‌డీసీ అంటే రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కార్యాలయానికి వెళ్లి అడగండి.

ఒక్కరే వెళ్తే "బ్యాచ్ వచ్చినప్పుడు చెబుతాం" అంటారు, అక్కడితో సరి. పదిహేను ఇరవై మంది ఒకే పనివాళ్లు పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్లు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, మాట వేరుగా ఉంటుంది. దింపు కార్మికులు, సెంట్రింగ్ ముఠాలు ఎలాగూ కలిసే తిరుగుతారు. పెద్ద కంపెనీలోనో, ప్రాసెసింగ్ ప్లాంటులోనో చేసేవాళ్లయితే పని చేసే చోటే పరీక్ష పెట్టించే వీలుంది, మేనేజరుని అడగండి.

పేరు ఇచ్చే ముందు ఈ మూడూ అడిగి తెలుసుకోండి. జాబ్ రోల్ పూర్తి పేరు, లెవెల్ ఏమిటి? సర్టిఫికెట్ ఎవరి పేరుమీద వస్తుంది, అది ఎన్‌సీవీఈటీ, అంటే వృత్తి విద్యని చూసే కేంద్ర మండలి, గుర్తింపు ఉన్నదేనా? ప్రశ్నపత్రం తెలుగులో ఉంటుందా, చదవలేనివాళ్లకి నోటితో అడుగుతారా? ఆఖరిది మరీ ముఖ్యం, ముందే రాయించుకోకపోతే పరీక్ష రోజు ఇంగ్లీషు, హిందీ తెర ముందు కూర్చోవాల్సి రావచ్చు.

కూలి పోతుందన్న బాధ నిజమే. పరీక్షకి ముందు కొన్ని గంటల ఓరియెంటేషన్ ఉంటుంది, అది ఎగ్గొట్టకూడదు, హాజరు లెక్కలోకి వస్తుంది. అందుకని కోతలప్పుడు, సంక్రాంతి ముందు, చెరువు పట్టుబడి రోజుల్లో పెట్టుకోవద్దు. వానలకి పని ఆగిన వారాలు, చెరువు ఎండగట్టిన రోజులు సరైన సమయం. ఈ పథకం పాత విడతల్లో పాసైనవాళ్లకి 500 రూపాయలు వేసేవారు, ఆ మాట పట్టుకుని డబ్బు కోసం మాత్రం వెళ్లకండి.

5. చేతికి తెలిసింది నోటికి తెచ్చుకోండి

పరీక్షలో మూడు భాగాలుంటాయి: రాత లేదా తెర మీద ప్రశ్నలు, చేసి చూపించడం, నోటి ప్రశ్నలు. చేసి చూపించేదాని గురించి మీకు నేను చెప్పేదేం లేదు. మిగతా రెండింటికీ ఇంటి దగ్గర వారం రోజులు తయారవ్వాలి.

పద్ధతి సులువే. మీరు పని చేస్తుండగా పక్కన ఒకరు నిలబడి ప్రతి అడుగుకీ "ఎంత? ఎందుకు? అలా చేయకపోతే ఏమవుద్ది?" అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలే. జవాబు గట్టిగా బయటికి చెప్పాలి.

తాపీ పనితో చూపిస్తాను.

మాలు ఎంత పాళ్లు? తొమ్మిది అంగుళాల గోడ కట్టుబడికి ఒకటికి ఆరు, నాలుగున్నర అంగుళాల గోడకి ఒకటికి నాలుగు. మీరు గమేళాతో కొలుస్తారు, అది తప్పు కాదు. కాని అంకె కూడా చెప్పాలి. యాభై కేజీల సిమెంటు బస్తా సుమారు 35 లీటర్లు పడుతుంది, ఒకటికి ఆరు అంటే 210 లీటర్ల ఇసుక. మీ గమేళాలో ఎన్ని లీటర్లు పడతాయో ఒకసారి లీటరు సీసాతో నీళ్లు పోసి చూసుకోండి. ఇక జీవితాంతం "బస్తాకి ఇన్ని గమేళాలు" అని లెక్కతో చెప్పగలరు. మా చిన్నాన్న ఇంటి అరుగు మీద ఇదే చేశాం, సీసా తర్వాత సీసా పోస్తుంటే ఆయన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. అయ్యాక "నేను ఇన్నేళ్లూ సరిగ్గానే పోస్తున్నానురా" అన్నాడు. ఆయన ముఖంలో ఆ తృప్తి నాకింకా కళ్లముందే ఉంది.

ఇటుకలు ఎందుకు తడుపుతారు? పొడి ఇటుక మాలులో నీళ్లు లాగేస్తుంది, సిమెంటు గట్టిపడదు, పట్టు ఉండదు.

గోడ నిటారుగా ఉందని ఎలా చెబుతారు? తూకం గుండు వేసి. వరస సమంగా ఉందని? దారం, రసమట్టం. మూల? మూలమట్టం. పేర్లు పైకి చెప్పండి, చేతిలో ఉంది కదా అని ఊరుకోవద్దు.

క్యూరింగ్ ఎన్ని రోజులు? కనీసం ఏడు రోజులు తడపాలి. ఏ నీళ్లతో? సఖినేటిపల్లి, అంతర్వేది వైపు పని చేసేవాళ్లకి ఇది బాగా తెలుసు, బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాలు కలపరు, గోడ పొట్టు రాలుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఇలా మన ప్రాంతం అనుభవం చెబితే ఎదుటివాడికి మీరు నిజంగా పని చేసినవాళ్లని వెంటనే తెలుస్తుంది.

మిగతా పనులూ ఇంతే. రొయ్యల చెరువు మీద ఉండే కుర్రాడు తెల్లవారుజామున రొయ్య పైకి తేలడం చూడగానే ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే మిషన్ల) దగ్గరికి పరిగెడతాడు. ఎందుకంటే చెప్పలేడు. చెప్పాల్సింది ఇది: రాత్రంతా ఆక్సిజన్ ఖర్చవుతూ తెల్లారే ముందు అన్నిటికన్నా తక్కువకి వస్తుంది, అది 4 పీపీఎం (లీటరు నీళ్లకి 4 మిల్లీగ్రాములు) కన్నా తగ్గకుండా చూసుకోవాలి. చెక్ ట్రేలో (రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెంలో) మేత మిగిలితే ఏం చేస్తావు? తర్వాతి పూట మేత తగ్గిస్తాను, ఎందుకంటే మిగిలిన మేత అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి.

దింపు చేసేవాళ్లు కాయ ముదిరిందని మోగించి చెప్పగలరు, రంగు చూసి చెప్పగలరు. కాయకి పదకొండు, పన్నెండు నెలలు పడుతుందని, అందుకే నెలన్నర, రెండు నెలలకోసారి ముదిరిన గెలలే దించుతామని కూడా నోటితో చెప్పాలి.

నరసాపురం దగ్గర లేసు అల్లే ఒక పెద్దావిడని "ఈ పువ్వుకి మొదట ఎన్ని గొలుసు కుట్లు వేస్తారండి?" అని అడిగితే చాలాసేపు ఆలోచించారు. తర్వాత సూది, దారం తీసుకుని వేళ్లు కదిపారు, కళ్లు మూసుకునే అల్లారు, ఆపి లెక్కపెట్టి "ఎనిమిది" అన్నారు. ఆ అంకె ఆవిడ వేళ్లలో ఉంది, నాలుక మీద లేదు. నరసాపురం క్రోషె లేసుకి 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అల్లే మనుషులకి కూడా గుర్తింపు రావాలి కదా. మీకూ నోటికి రాకపోతే సిగ్గుపడకండి, "చేసి చెబుతానండి" అని అడగండి, తర్వాత మాత్రం లెక్క పైకి చెప్పండి.

6. పరీక్ష రోజు

చెప్పులతో వెళ్లకండి. దాదాపు ప్రతి పనిలోనూ భద్రతకి మార్కులుంటాయి, మనవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది అక్కడే. బూట్లు, హెల్మెట్, గ్లౌజులు, ఎలక్ట్రికల్ అయితే టెస్టర్. అక్కడ ఇస్తారేమో ముందే అడగండి, ఇవ్వకపోతే అరువు తెచ్చుకోండి. దింపువాళ్లు బెల్టు కట్టకుండా చెట్టెక్కి చూపించొద్దు, ఎంత అలవాటైనా సరే. ఎలక్ట్రీషియన్ అయితే ముట్టుకునే ముందు మెయిన్ ఆపానని పైకి చెప్పి ఆపండి.

- మీ పనిముట్లు మీరే తీసుకెళ్లండి, అలవాటైన తాపీతో వచ్చే పని వేరు.
- కొలిచే ముందు, కొలిచాక అంకె పైకి చెప్పండి.
- తొందర వద్దు. సైటులో వేగం చూస్తారు, ఇక్కడ వరస చూస్తారు.
- అయ్యాక చోటు ఊడ్చి, పనిముట్లు కడిగి పెట్టండి. దానికీ మార్కులుంటాయి.
- ప్రశ్న అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి సార్" అనండి. తెలియనిదానికి అబద్ధం చెప్పొద్దు.

క్యాంపులో ఎవరైనా "మీరు సంతకం పెట్టి వెళ్లిపోండి, మేం చూసుకుంటాం" అంటే వద్దనండి. అలా వచ్చిన కాగితం రేపు సైటులో ఎవరైనా పని చేసి చూపించమన్నప్పుడు మిమ్మల్ని కాపాడదు, మీ తర్వాత అదే కాగితంతో వచ్చినవాళ్లనీ ఎవరూ నమ్మరు.

7. వచ్చిన సర్టిఫికెట్ అసలుదేనా?

మీ స్కిల్ ఇండియా ఖాతాలోకి వెళ్లి చూడండి, డిజీలాకర్‌లోనూ వెతకండి. కాగితం మీది క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేస్తే అధికారిక పోర్టల్లో మీ పేరు, ఫొటో, జాబ్ రోల్ రావాలి. ఊరికే ఒక ఫొటోనో, ఎవరిదో డ్రైవ్ ఫైలో తెరుచుకుంటే అనుమానించండి. తర్వాత వరసగా చూడండి: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, రోల్ మీదేనా, లెవెల్ చెప్పినదేనా, తేదీ పరీక్ష తర్వాతదేనా.

ఈ సర్టిఫికెట్ ఐటీఐ సర్టిఫికెట్ కాదు. దరఖాస్తుల్లో "ఐటీఐ పాస్" అని రాయొద్దు, తేలితే ఉద్యోగం పోతుంది. "మూడు రోజుల్లో ఐటీఐ ఇప్పిస్తాం" అనేవాళ్ల మాట అసలు వినొద్దు. మా ఊళ్లో ఒకతను ఇలాగే అప్పు చేసి కాగితం కొన్నాడు, విదేశానికి పంపే ముందు పరిశీలనలో నకిలీ అని తేలింది. అప్పు మాత్రం నిజం, రెండేళ్లు కట్టాడు.

పాసవ్వకపోతే మళ్లీ పరీక్ష ఎప్పుడో సెంటర్లో రాతపూర్వకంగా అడగండి, ఏ భాగంలో మార్కులు తగ్గాయో కూడా అడగండి. నోటి ప్రశ్నల్లో తగ్గితే మళ్లీ ఐదో మెట్టుకి వెళ్లండి.

పీఎం విశ్వకర్మ ఎంచుకున్నవాళ్లకి

దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్లో. ఆధార్, ఫోన్, బ్యాంకు, రేషన్ కార్డు తీసుకెళ్లండి. ఇంటికి ఒక్కరికే, అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లల్లో ఒక్కరికే ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి రాదు. ముందు పంచాయతీలో, తర్వాత జిల్లాలో పరిశీలిస్తారు, కాబట్టి దరఖాస్తు పెట్టి ఊరుకోకుండా పంచాయతీ కార్యాలయానికి వెళ్లి మీ పేరు ఆమోదించారో లేదో అడుగుతుండండి. ఎక్కువ ఆగిపోయేది అక్కడే. ఆమోదమయ్యాక సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల ఈ-వోచర్. అప్పు కావాలంటే మొదట లక్ష, అది 18 నెలల్లో తీర్చాక రెండు లక్షల దాకా, వడ్డీ 5 శాతం. అవసరం లేకపోతే అప్పు తీసుకోనక్కర్లేదు, మిగతావి వస్తాయి.

పదో తరగతి కావలసినవాళ్లకి

ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్, లేదా ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. పద్నాలుగేళ్లు నిండినవాళ్లెవరైనా చేరొచ్చు, పై వయసుకి హద్దు లేదు. మీ మండలంలో స్టడీ సెంటర్ ఏ హైస్కూల్లో ఉందో అడిగి, ఫీజు ఎలా కట్టాలో నేరుగా అక్కడే కనుక్కుని, కట్టాక రసీదు తీసుకోండి. "పాస్ గ్యారంటీ" అని చెప్పే మధ్యవర్తుల దగ్గరికి వెళ్లొద్దు. గతంలో పదో తరగతి తప్పినవాళ్లయితే పాత మార్కుల మెమో పారెయ్యకండి, పాసైన సబ్జెక్టుల్ని బదిలీ చేసుకునే వీలు ఉంటుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే రెండు ప్రింట్లు తీయించి, ఒకటి పాస్‌పోర్టు ఉన్న కవర్లో, ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టండి. ఫోన్లో ఫొటో తీసి పిల్లల ఫోన్‌కి కూడా పంపండి. మరుసటి రోజు మేస్త్రి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాపీ జేబులో పెట్టుకెళ్లి, రోజు కూలి ఎంత ఇస్తారో మళ్లీ అడగండి.